సంతకం లేని మూడేళ్లు

కోర్టుకు బయలుదేరిన నాడు మల్లప్ప చొక్కా జేబులో రెండే వస్తువులున్నాయి. ఒకటి కోస్గి నుంచి హైదరాబాదుకు తీసుకున్న బస్సు టికెట్టు. రెండోది కాగితంలో మడిచిన చిటికెడు బండారి. బీరప్ప గుడిలో ఇచ్చే పసుపును గొర్రెలు కాసే కురుమలు అలా పిలుస్తారు, దాన్ని ముట్టి చెప్పిన మాట తప్పరు.

టికెట్టు తనకోసం. బండారి జడ్జి కోసం.

ఏం చెయ్యాలో అతను పది రోజులుగా ఆలోచించి పెట్టుకున్నాడు. జడ్జి ముందు నిలబడాలి. బండారి అరచేతిలో పోసుకోవాలి. ఒక్కటే మాట చెప్పాలి. తప్పు నాది, ఆ పిల్లది కాదు. జడ్జి ఆ మాట కాగితం మీద రాయిస్తాడు. ఆ కాగితం తీసుకెళ్లి స్నేహలత చేతిలో పెడితే ఆమె మళ్లీ ఇంటికొస్తుంది. మళ్లీ 'చిన్నాయినా' అని పిలుస్తుంది.

ఆ పిలుపు విని రెండేళ్లయింది.

పొద్దున గడప దాటుతుంటే భార్య రామమ్మ జేబు వైపు చూసి అననే అన్నది. "జడ్జి దగ్గర గూడ బండారి తీస్తవా? గా పసుపుతోనే గద ఇంత దాంక వచ్చింది."

"నువ్వు జర ఊకో."

"ఊకుంటనే ఉన్న. రెండేండ్ల సంది గీ ఇంట్ల మాట్లాడెటోళ్లు ఎవరున్నరు? గొర్లతోని మాట్లాడుకుంట బతుకుతున్న."

మల్లప్ప చెప్పులేసుకుని వెనక్కి చూడకుండా నడిచాడు.

*

స్నేహలత అతని అన్న కూతురు. ఆ పిల్లకు నాలుగేళ్లప్పుడు అన్న మందతో చెలకలో ఉండగా పిడుగు పడి పోయాడు. ఆ తర్వాత ఏడాదికి వదిన కూడా పోయింది. మల్లప్పకు ఒక్కడే కొడుకు, వాడు భివండీలో మగ్గం మీద పని చేస్తాడు. ఇంట్లో పెరిగిన ఆడపిల్ల స్నేహలత ఒక్కతే. బడి లేని రోజుల్లో గొంగడి కప్పుకుని అతని వెనకే మంద మేపడానికి వచ్చేది. ఏ గొర్రె ఉన్ని మెత్తన, ఏది గరుకు అని వేళ్లతో తడిమి చెప్పేది.

ఆ వేళ్లే ఆమెకు దారి చూపించాయి. హైదరాబాదులో ఎంబీఏ చదివి, విజయవాడ రోడ్డు మీద చిట్యాలలో ఒక కంపెనీ పెట్టింది. నల్ల ఉన్నిని తడిపి, ఒత్తి, అట్టలా మందంగా చేసి, దానితో చెప్పులు, సంచులు, ఆసనాలు కుట్టించేది. తనతో పాటు చదివిన ప్రేమ్‌సాగర్ రోడ్డు పక్క జాగా ఇచ్చి రెండో డైరెక్టరయ్యాడు. మిగతా పనంతా ఆమెదే. పొద్దున షెడ్డు తాళం తీసేదీ ఆమే, సాయంత్రం వేసేదీ ఆమే.

ఒకసారి ఊరికొచ్చి గొర్రెల కాపరులందరినీ కూర్చోబెట్టింది. "మీరు ఒక్కొక్కలు అమ్మితే సేటు చెప్పిందే రేటు. అందరు కలిసి ఒక కంపెనీ అయితే మీరు చెప్పిందే రేటు." అని అన్నది. అట్లా రెండు వందల ఇళ్లు కలిసి ఉన్ని కంపెనీ పుట్టింది. ఐదుగురు డైరెక్టర్లు కావాలన్నారు. మల్లప్ప అధ్యక్షుడు. లింగస్వామి, మరో ఇద్దరు కాపరులు కలిస్తే నలుగురు. ఐదో పేరు దగ్గర మల్లప్ప పట్టుబట్టాడు.

"నేనెందుకు చిన్నాయినా? నా కంపెనీ నాకున్నది గద." అన్నది స్నేహలత.

"మా నలుగురి పక్కన నీ పేరుంటే ఆఫీసోళ్లు జర మర్యాదిస్తరు. మీ నాయిన పేరు గూడ ఉన్నట్లయితది."

నాయిన పేరెత్తాక ఆమె కలం అందుకుంది. అడిగిన చోటల్లా సంతకం పెట్టింది.

సంవత్సరానికి ఒకసారి అందరూ సమావేశం కావాలి, ఆ సంగతి కాగితాల మీద రాసి ప్రభుత్వానికి పంపాలి. ఇదీ నియమం. మొదటి ఏడాది సమావేశం బీరప్ప గుడి ముందు జరిగింది. డోలు కొట్టారు. ఉన్ని ఎవరికీ విడిగా అమ్మబోమని రెండు వందల మంది వరసగా వచ్చి బండారి ముట్టారు. మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన ఆడిటర్ రఘుపతి వేపచెట్టు కింద కూర్చుని అంతా చూశాడు. చివర్లో ఫైలు తెరిచాడు.

"పెద్దాయినా, ఇక్కడ సంతకం."

"దేనికి సారు?"

"మీటింగ్ అయ్యిందని."

"అయ్యింది గద. నువ్వు చూస్తివి."

"చూసిన. కాయితం మీద గూడ ఉండాలె."

మల్లప్ప తల అడ్డంగా ఊపాడు. "బండారి ముట్టినంక సంతకం పెడితే, ముట్టింది అబద్ధమన్నట్టు. మా దాంట్ల అట్ల లేదు."

లింగస్వామి మీసం దువ్వుకుంటూ అందుకున్నాడు. "సంతకం పెట్టి ఎగ్గొట్టినోళ్లను మస్తుమందిని చూసిన సారు. బండారి ముట్టి ఎగ్గొట్టినోన్ని ఒక్కన్ని చూపియ్యి, గిప్పుడే పెడత."

అందరూ నవ్వారు. రఘుపతి కూడా నవ్వాడు. సంతకాలు కావలసిన చోట్ల పెన్సిలుతో గుర్తులు పెట్టి, కాగితాలు మల్లప్ప చేతికిచ్చి బస్సెక్కాడు. మల్లప్ప వాటిని పాత గొంగడిలో చుట్టి అటక మీద పెట్టాడు. పారేయలేదు. అది మాత్రం చెప్పుకోవాలి.

ఆ రోజే చిట్యాల నుంచి ఫోను.

"అయ్యిందా చిన్నాయినా?"

"అయ్యింది బిడ్డా. దేవుని ముంగట అయ్యింది."

రెండో ఏడూ అంతే. కాగితాలు పోస్టులో వచ్చాయి, అటకెక్కాయి. మూడో ఏడు ఆమె ఇంకో మాట కూడా అడిగింది. ఆ మాట ఇప్పటికీ మల్లప్ప చెవిలో అట్లాగే ఉంది.

"సంతకాలు పెట్టిన్రా చిన్నాయినా? నా సంతకం కోసం ఎవరు రాలేదేంది?"

మల్లప్ప అటక వైపు చూశాడు. రెండు వందల మంది పసుపు చేతులు కళ్ల ముందున్నాయి. ఇంతకన్నా గట్టి సంతకం ఏముంటుంది?

"పెట్టినట్లే బిడ్డా. నీకెందుకు ఫికరు, నీ పని చూస్కో."

ఆమె తన పని చూసుకుంది. చిన్నాయన మాట తప్పగా ఆమె ఎన్నడూ చూడలేదు.

*

అది రెండు వేల పదిహేడు సెప్టెంబరు. దేశమంతటా వరుసగా మూడేళ్లు కాగితాలు పంపని కంపెనీల డైరెక్టర్ల పేర్లు ప్రభుత్వం జాబితాగా బయటపెట్టింది. లక్షల పేర్లు. అందులో కోస్గి గొర్రెల కాపరులవి నాలుగు, స్నేహలతది ఒకటి.

కాపరులకు ఆ రోజు ఏమీ తెలియలేదు. వాళ్లు మందతో అచ్చంపేట అడవి అంచున ఉన్నారు.

స్నేహలతకు బ్యాంకులో తెలిసింది. ఏదో కాగితం మీద సంతకం పెట్టబోతే మేనేజరు ఆపాడు. డైరెక్టరుగా ఆమెకున్న నంబరు పనిచెయ్యడం లేదు. ఐదేళ్లపాటు ఆమె ఏ కంపెనీలోనూ డైరెక్టరుగా ఉండడానికి వీల్లేదు. ఉన్ని కంపెనీలోనే కాదు. తాను పెట్టి, తాళం తీసి, తాళం వేసే కంపెనీలో కూడా.

ప్రేమ్‌సాగర్ నెల తిరక్కుండా ఆమె స్థానంలో తన బావమరిదిని పెట్టుకున్నాడు. కాగితం మీద అంతా సక్రమమే. సంక్రాంతి లోపల మిషన్లు అమ్మేశాడు. ఎండాకాలానికి షెడ్డు టైల్స్ గోదాముగా మారింది.

మిషన్లు లారీ ఎక్కిన మరునాడు స్నేహలత కోస్గి వచ్చింది. చెప్పులు విడవకుండానే అడిగింది. "కాయితాలు ఎక్కడున్నయ్?"

మల్లప్ప అటక మీంచి గొంగడి దించి విప్పాడు. మూడేళ్ల కాగితాలు నేల మీద పరుచుకున్నాయి. పెన్సిలు గుర్తులన్నీ ఖాళీగా ఉన్నాయి. ఆమె ఒక్కో కాగితం చేతిలోకి తీసుకుని చూసింది. ఒకచోట తన పేరు అచ్చయి ఉంది, పక్కన గీత, గీత మీద ఏమీ లేదు. దాన్ని చాలాసేపు పట్టుకుంది.

తిడుతుందని మల్లప్ప ఎదురుచూశాడు. తిట్టి ఉంటే బాగుండేదని ఆ తర్వాత ఎన్నోసార్లు అనుకున్నాడు.

"నువ్వు అయ్యిందంటే నేను అయ్యిందనుకున్న, చిన్నాయినా."

అంతే. రామమ్మ ఇచ్చిన నీళ్ల చెంబు కింద పెట్టి వెళ్లిపోయింది.

ఉన్ని కంపెనీ కూడా అక్కడే ఆగింది. సంతకం పెట్టే హక్కున్న మనిషే లేకపోతే కంపెనీ ఏం నడుస్తుంది? కత్తిరించిన ఉన్ని మూటలు పురుగు పట్టాయి. కాపరులు ఒక్కొక్కరుగా సేటు దగ్గరికి పోయారు. రెండు వందల మంది ముట్టిన మాట, ఎవరూ తెంపాలనుకోకుండానే తెగిపోయింది.

*

రెండేళ్ల తర్వాత రఘుపతి ఫోను చేశాడు. "హైకోర్టుల కేసులేస్తున్నరు పెద్దాయినా. నంబర్లు మళ్ల వస్తున్నయంట. నాకు తెలిసిన వకీలమ్మ ఉన్నది, మనస్విని అని. కని ఐదుగురు సంతకాలు పెట్టాలె."

ఐదుగురు. అంటే చిట్యాల పోవాలి.

స్నేహలత ఇప్పుడు హైవే మీద, బస్సులు ఆగే హోటల్లో పని చేస్తోంది. కౌంటరు వెనక కూర్చుని టిఫిను టోకెన్లు ఇస్తోంది. మల్లప్ప వరసలో నిలబడ్డాడు. ముందు ఆరుగురున్నారు. ఐదుగురు. ఇద్దరు. అతని వంతు వచ్చింది.

ఆమె తలెత్తింది. చెయ్యి టోకెన్ల మీద ఆగిపోయింది.

"గా మూల టేబుల్ మీద కూసోండ్రి. వస్త." అన్నది.

కూసోండ్రి. పరాయివాళ్లను పిలిచినట్టు 'మీరు' అన్నది. నాలుగేళ్ల వయసు నుంచి 'నువ్వు' అని పిలిచిన పిల్ల. మల్లప్ప పోయి కూర్చున్నాడు. సర్వరు చాయ్ తెచ్చి పెట్టాడు. ఆమె పంపిందో, కూర్చున్నవాళ్లందరికీ పెడతారో తెలియలేదు.

రద్దీ తగ్గాక వచ్చి ఎదురుగా కూర్చుంది. కాగితాలు ఇరవైకి పైనే ఉన్నాయి. ప్రతి పేజీ చదివింది. బస్సు హారను కొడుతున్నా, కౌంటరు దగ్గర ఎవరో కేకేస్తున్నా తల తిప్పలేదు.

"కారణం ఏం రాసిన్రు?"

"వకీలమ్మ ఏదో రాసింది. నేను జడ్జికి చెప్త. తప్పు నాదని చెప్త."

"జడ్జి అడుగుతడా?"

"అడగకుంట ఎట్ల ఉంటడు బిడ్డా? ఎందుకు చేసినవని అడుగుతడు గద."

ఆమె కలం మూత తీసింది. ఇరవై చోట్ల సంతకం పెట్టింది. గబగబా పెట్టలేదు. ప్రతి సంతకం ఒకేలా, అక్షరం అక్షరం కనపడేట్టు పెట్టింది. కాగితాలు సర్ది, అంచులు టేబులు మీద తట్టి, అతని వైపు జరిపింది.

"చాయ్ చల్లారింది. ఇంకోటి చెప్పాల్నా?"

"వద్దు బిడ్డా."

ఆమె లేచి కౌంటరు దగ్గరికి వెళ్లిపోయింది. మల్లప్ప చల్లారిన చాయే తాగి, ఎదురు బస్సెక్కాడు.

*

ఇమ్లీబన్ బస్టాండులో దిగి మూసీ మీది వంతెన దాటితే హైకోర్టు. మనస్విని గేటు దగ్గరే కలిసింది. ముప్పై ఏళ్లుంటాయి. చేతిలో మోపెడు ఫైళ్లు, నడకలో తొందర.

"పెద్దాయినా, వెనక నిలవడి చూడండ్రి. ఏం మాట్లాడొద్దు."

"నేను మాట్లాడకుంటే ఎట్లమ్మా? తప్పు చేసింది నేను."

"తప్పు సంగతి ఇక్కడ ఎవ్వరు అడుగుతలేరు." మెట్లెక్కుతూనే చెప్పింది. "కొత్త చట్టం ఒక తారీఖున వచ్చింది. గా తారీఖు నుంచి లెక్కపెడితే మీకు మూడేండ్లు నిండలే. నిండకముందే పేర్లు తీసేసిన్రు. గదే మన పాయింటు."

"అంటే మేం కాయితాలు పంపినట్లా?"

"పంపలే. పంపకపోతే ఏం చెయ్యాల్నో వాళ్లు జర తొందరపడి చేసిన్రు."

మల్లప్ప మెట్టు మీద ఆగాడు. "మరి బండారి ముచ్చట?"

"ఒక్క లైను రాసిన. గంత కన్న అక్కరలేదు."

హాలు నిండా నల్ల కోట్లు. మల్లప్ప తలపాగా తీసి చంకలో పెట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాడు. జేబులో చెయ్యి పెట్టి పొట్లం పట్టుకున్నాడు. పేరు పిలవగానే ముందుకు పోవాలి. వకీలమ్మ ఆపినా పోవాలి.

ఎవరో అంకెలు చదివారు. జడ్జి ఇంగ్లీషులో చదవడం మొదలుపెట్టాడు. గొంతు మెల్లగా ఉంది. మల్లప్పకు ఒక్క ముక్క అర్థం కాలేదు. తన పేరు కోసం చెవులు రిక్కించాడు. పేజీలు తిరిగాయి. ఎవరో దగ్గారు. నల్ల కోట్లు ఒక్కసారిగా కదిలాయి. కొందరు నవ్వుకుంటూ బయటికి నడిచారు. మరో కేసు నంబరు చదువుతున్నారు.

మనస్విని వచ్చి భుజం తట్టింది. "అయిపాయె. రండ్రి."

వరండాలో గాలి వేడిగా ఉంది.

"గెలిచినం పెద్దాయినా. మీ ఐదుగురి నంబర్లు మళ్ల పనిచేస్తయ్. పాత కాయితాలు పంపేసుకుని కంపెనీ నడుపుకోవచ్చు."

"నన్ను పిలువలే గద."

"మీ ఒక్కరి కేసా? వందల కేసులు. అందరికి ఒక్కటే తీర్పు. మీ నంబరు చదివిన్రు."

"తప్పు నాదని రాసిండ్రా?"

"లేదు."

"పిల్లది కాదని రాసిండ్రా?"

మనస్విని ఫైళ్లు ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంది. అప్పుడే ఆ ముసలాయన మొహం సరిగ్గా చూసింది.

"అది గూడ రాయలే. తప్పెవరిదని కోర్టు చూడలే పెద్దాయినా. చూసే అవసరం పడలే. మీకు మంచిదే గద?"

మల్లప్ప జేబులోంచి చెయ్యి తీశాడు. చెమటకు పొట్లం తడిసి చిరిగింది. వేళ్లన్నీ పసుపు. తెల్ల చొక్కా మీద జేబు కింద అరచేయంత మరక.

"మంచిదేనమ్మా." అన్నాడు.

*

తీర్పు కాపీ స్నేహలతకు పోస్టులో వెళ్లింది. రఘుపతి పాత కాగితాలన్నీ పట్టుకుని ఊరికొచ్చాడు. పెన్సిలు గుర్తుల మీద నలుగురు కాపరులూ సంతకాలు పెట్టారు. లింగస్వామి ఈసారి మీసం దువ్వలేదు. చిట్యాల కాగితాలు చిట్యాల వెళ్లి సంతకంతో తిరిగొచ్చాయి. వాటితో ఒక్క చీటీ కూడా లేదు.

దసరా పోయాక సమావేశం పెట్టారు. ఐదుగురూ రావాలని రఘుపతి ఫోను చేశాడు. స్నేహలత వస్తానన్నది.

రామమ్మ తెల్లారకముందే లేచింది. జొన్నరొట్టెలు చేసింది. పుంటికూర చేసింది. పిల్ల పడుకునే మంచం బయటికి లాగి నులక బిగించింది. "ఒక్క దినమన్న ఉంటదేమో." అని ఎవరూ అడక్కుండానే చెప్పింది. మల్లప్ప నులక ఇంకో చివర పట్టి లాగాడు.

స్నేహలత బస్సు దిగి నేరుగా గుడికొచ్చింది.

రెండు వందల మందిలో నలభై మంది వచ్చారు. డోలు తెచ్చినవాడు దాన్ని పక్కన పెట్టి కూర్చున్నాడు. రఘుపతి పొడుగాటి రిజిస్టరు తెచ్చాడు. రాసే బాధ్యత స్నేహలత తీసుకుంది. వేపచెట్టు కింద చాప మీద కూర్చుని, తారీఖు వేసి, వచ్చినవాళ్ల పేర్లు రాసింది.

మల్లప్ప లేచాడు. గుడిలోకి పోయి గుప్పిట నిండా బండారి తెచ్చాడు. జడ్జికి చెప్పాలనుకున్నది ఇప్పుడు చెప్పాడు.

"మూడేండ్లు కాయితాలు పంపలే. వద్దన్నది నేను. స్నేహలత నన్ను అడిగింది, సంతకాలు పెట్టిన్రా అని. పెట్టినట్లే అన్న. పెట్టలే. తప్పు నాది. ఆమెది కాదు."

గొర్రెపిల్ల ఒకటి ఎక్కడో అరిచింది. లింగస్వామి చిన్నగా అన్నాడు. "మేం గూడ వద్దన్నం గద మల్లన్నా. నువ్వొక్కనివే ఎందుకు మీదేస్కుంటవ్?"

"మీరు ఆమెకు చెప్పలే. నేను చెప్పిన."

స్నేహలత కలం పట్టుకుని ఉంది. తలెత్తకుండా అడిగింది. "ఇది రాయాల్నా?"

"రాయి బిడ్డా. ఉన్నదున్నట్లు రాయి."

ఆమె రాసింది. కలం ఎక్కడా ఆగలేదు. మల్లప్ప నిలబడే చూశాడు. కోర్టు రాయనిది ఇక్కడ రాసి ఉంది. ఇప్పుడు తలెత్తుతుంది. ఇప్పుడు పిలుస్తుంది.

ఆమె ఇంకో గీత కొట్టి, దాని కింద ఇంకా రాస్తోంది.

"ఆఖరుది చదువుతున్న." అన్నది అందరికీ వినపడేట్టు. "డైరెక్టరు స్నేహలత ఈ రోజుతో తన పదవికి రాజీనామా చేసింది. సభ ఒప్పుకున్నది." రిజిస్టరు తిప్పి మల్లప్ప ముందుకు జరిపింది. "అధ్యక్షుని సంతకం ఇక్కడ."

మల్లప్ప చాప మీద ఆమె ఎదురుగా కూర్చున్నాడు. "కోర్టు ఇచ్చింది గద బిడ్డా. మళ్ల చెయ్యొచ్చన్నది."

"చెయ్యొచ్చన్నది. చెయ్యమనలే."

"ఇది వద్దంటే వద్దు. నీ కంపెనీ నువ్వు మళ్ల పెట్టు. చిట్యాలల కాకుంటే ఇక్కడనే పెట్టు. ఉన్ని మేమిస్తం."

"షెడ్డుల టైల్స్ ఉన్నయ్. మిషన్లు ఎవరి దగ్గరున్నయో గూడ నాకు తెల్వదు." ఆమె గొంతులో కోపం లేదు. అదే అతన్ని భయపెట్టింది. "రెండేండ్లు నా పేరు నా చేతిల లేకుండె. ఇప్పుడొచ్చింది. ఇగ దాన్ని ఎవ్వరి పేరు పక్కన రాయ. మీ మీద కోపంతోని కాదు. నాకు భయమైతున్నది, గంతే. పెట్టున్రి సంతకం."

నలభై మంది చూస్తున్నారు. మల్లప్ప కలం అందుకున్నాడు. నాలుగో తరగతి దాకా నేర్చుకున్న అక్షరాలు. మ రాశాడు. ల్ల రాశాడు. ప్ప రాశాడు. వేళ్ల పసుపు కాగితం అంచుకు అంటింది. ఆ కంపెనీలో అధ్యక్షుడు గడువు దాటకుండా పెట్టిన మొదటి సంతకం అది.

గుడి నుంచి వెళ్లే ఆడపిల్లకు ఇంటిపెద్ద నుదుట బండారి పెట్టి పంపుతాడు. మల్లప్ప లేచి చెయ్యి ముందుకు తెచ్చాడు. స్నేహలత తల వంచలేదు. అరచెయ్యి చాచింది. ఊళ్లో అందరిలాగే. అతను అందులో కొంచెం పోశాడు. ఆమె కళ్లకద్దుకుని గుప్పిట మూసింది.

"ముప్పై రోజులల్ల పంపాలె." అన్నది. "పంపుతరా?"

"పంపుత."

రామమ్మ అప్పటికి రొట్టెల ముల్లెతో గుడి దాకా వచ్చి నిలబడి ఉంది. "ఇంటికి రాకుంటే పాయె. ఇది తీస్కపో. పుంటికూర ఉన్నది, ఒలికిపోకుండ పట్టుకో."

"ఎందుకు చిన్నమ్మా గిన్ని?" అంటూనే ముల్లె అందుకుంది. రామమ్మ చెంగుతో ఆమె చెంప తుడవబోయి, తడి లేదని చూసి, చెంగు దించేసింది.

హైదరాబాదు బస్సు వచ్చింది. ఆమె ఎక్కింది.

*

ముప్పై రోజులు ఉన్నాయి. మల్లప్ప మరునాడు పొద్దున మొదటి బస్సుకే మహబూబ్‌నగర్ వెళ్లాడు. ఆఫీసు తెరవకముందే మెట్ల మీద కూర్చున్నాడు.

"పోస్టుల పంపితే సరిపోతుండె గద పెద్దాయినా." అన్నాడు రఘుపతి తాళం తీస్తూ.

"నా కండ్ల ముంగట పంపు."

రఘుపతి కంప్యూటరు ముందు కూర్చుని పని కానిచ్చాడు. ముందు కుర్చీలో మల్లప్ప తెర వైపే చూస్తూ కూర్చున్నాడు. చివరికి మిషను ఒక కాగితం కక్కింది. పైన పొడుగాటి నంబరు.

"గిదే రసీదు. ఆమె పేరు మీ కంపెనీల నుంచి తీసేసినట్లు."

మల్లప్ప కాగితం రెండు చేతులతో పట్టుకుని బయటికొచ్చాడు. మెట్ల మీద నిలబడి ఫోను చేశాడు. నాలుగుసార్లు మోగింది.

"హలో." వెనక గిన్నెల చప్పుడు, బస్సు హారను.

"అయ్యింది బిడ్డా."

అవతల గిన్నెల చప్పుడు దూరమైంది. ఆమె బయటికి నడిచినట్టుంది.

"కాయితం చేతిల ఉన్నదా?"

"ఉన్నది."

"నంబరు చదువుండ్రి."

మల్లప్ప కాగితం కళ్లకు దగ్గరగా తెచ్చుకున్నాడు. ముందున్న ఇంగ్లీషు అక్షరాన్ని రఘుపతి చెప్పినట్టే చెప్పాడు. తర్వాత ఒక్కో అంకె మీద వేలు పెట్టి, ఆగి ఆగి చదివాడు. మూడు. సున్న. ఏడు. అంకె అంకెకూ ఆమె "ఊ" అన్నది. చివరి అంకె అయిపోయింది.

ఇక చెప్పడానికి ఏమీ లేదు. ఫోను పెట్టేస్తుందని చూశాడు. పెట్టెయ్యలేదు. ఆమె ఊపిరి వినపడుతోంది.

మల్లప్ప మళ్లీ మొదటి అక్షరం మీద వేలు పెట్టి చదవడం మొదలుపెట్టాడు.